తనిఖీ నాడు వాన లేదు

పదకొండేండ్లు ఆ నెర్రెను
క్యాలెండర్ కింద దాచిన.
చుట్టాలొస్తే ఆ గోడ దిక్కు కుర్చీ వేసేదాన్ని కాదు.
ఏడాదికోసారి క్యాలెండర్ మారేది,
నెర్రె మాత్రం అదే,
కొంచెం పొడుగై, కొంచెం వెడల్పై.
పిల్ల ఎత్తు కొలిచినట్టు
ఏటేటా గోటితో దాని కొసకు గీత పెట్టేదాన్ని.

ఇప్పుడు మీసేవల పిల్లగాడంటడు,
"అమ్మా, ఫోటో సాఫ్‌గ రావాలె.
పగులు కనబడకుంటే సాయం రాదు."

క్యాలెండర్ తీసిన.
మేకుతోని గుప్పెడు సున్నం రాలింది.
రవికె చినుగు నలుగుట్ల చూపినంత సిగ్గయింది.

దరఖాస్తుల పేరు: చింతకింది మణెమ్మ.
ఇల్లు ఎవరి పేర?
మామ పేర.
మామ ఏడీ?
దండేసిన ఫోటోల.
అయితే మరణ పత్రం తెమ్మన్నరు,
వారసుల సంతకాలు తెమ్మన్నరు.
భీవండిల మగ్గం కాడున్న మరిది
వాట్సప్‌ల పంపిన సంతకం చెల్లదన్నరు.
అది అసలు కాయితం మీద, పోస్టుల,
ఇరవై రెండు దినాలకు పార్సిగుట్ట ఎక్కింది.
ఒక్క గోడ నిలబడనీకి
ఎన్ని సంతకాల ఆనిక!

"ప్రమాదం ఉన్నదా? అవును / కాదు."
నిరుడు మా తాపల మీద జారి
వదిన మోకాలి చిప్ప పగిలింది.
వానకాలం స్విచ్చు ముట్టుకుంటే జుమ్మంటది,
నా బిడ్డ చెప్పులేసుకొని లైటేస్తది.
కిటికి మీది సజ్జ పెళ్ళ ఊడి
పక్కింటి షాహెదా మేక మీద పడ్డది.
మేక బతికింది. అది గూడ రాయాల్నా?
అన్నిటికి కలిపి ఒక్కటే డబ్బ,
ఒక్కటే టిక్కు.

ఆషాఢమంతా కురిసింది.
గిన్నెలు, గిలాసలు, ఆఖరికి ఇడ్లీ పాత్ర
చుక్కల కింద పెట్టినం.
ఇంజనీరు సారు వచ్చిన నాడు మాత్రం
ఎర్రటెండ, ఒడియాలు పెట్టుకునేంత ఎండ.
"ఏడ ఉరుస్తుందమ్మా?"
ఈడ సారు. ఆడ సారు. మంచం మీద సారు.
తలెత్తి చూసిండు.
"పొడిగనే ఉన్నది గద."
ఆయన పెన్ను ఆగింది.

నేను ఆగలే.
రెండు దినాలకోసారి వచ్చే నల్లా నీళ్ళు,
రెండు బకెట్లు మోసుకపోయి
స్లాబు మీద కుమ్మరించిన.
పై నుంచి చెవి పెట్టి ఇంటే
కింద రిజిస్టరు మీద టప్పుమన్నది.
ఇంకోటి. ఇంకోటి.
"చాలమ్మా చాలు, రాసిన!"
నా ఇల్లు ఉరిసినందుకు
నేను సంబురపడ్డది ఆ ఒక్క పూటనే.
పోతా పోతా సారు నెర్రె పక్కన
నీలం చాక్‌పీసుతో ఒక నంబరేసిండు.

దసరా పోయింది, దీపావళి పోయింది.
ఒకనాటి రాత్రి ఫోన్ గుర్రుమన్నది.
మొదటి కిస్తు, ఇరవై వేలు.

సుతారి పెంటోజి వేళ్ళ మీద లెక్కేసి
"కప్పుకైతే వైరింగుకు చాలయి,
వైరింగుకైతే తాపల కడ్డీకి చాలయి" అన్నడు.
మా ఆయన కప్పు అన్నడు. బిడ్డ వైరింగు అన్నది.
నేనన్న, వానకింక ఏడు నెలలున్నది,
కాలు జారుటకు కాలమున్నదా?
చెప్పులేసుకోనీకి రెండో కిస్తు దాక
ఓపిక పట్టు బిడ్డా.
అది బువ్వ తినకుండ పండుకున్నది.
తెల్లారి పెంటోజిని మళ్ళ పిలిచిన.
పదమూడు తాపలకు కడ్డీ పడంగ
మిగిలిన పైసలతోని బిడ్డ అర్రల ఒక్క స్విచ్చు మారింది.

మొన్న ఐతారం బోయిగూడ నుంచి వదిన వచ్చింది.
నిరుటి సంది మా గడప తొక్కని మనిషి
కడ్డీ పట్టుకొని, ఒక్కో తాపను తిట్టుకుంట
పైకొచ్చింది.
ఆయాసం తగ్గినంక గోడ చూసింది.
"ఏందే మణీ, ఈ నెర్రె ఎప్పటిది?"

పాతదే వదినా, అన్న.
కుర్చీ అటు దిక్కే వేసి
చాయ్ పెట్టబోయిన.